పుట్టలో వేలు పెడితే

2024 ఆగస్టు 30, శుక్రవారం. ముందురోజు విశాఖలో ఐఎన్ఎస్ అరిఘాత్ నౌకాదళంలో చేరిందని పేపర్లో వచ్చింది. అణు రియాక్టరుతో నడుస్తూ, అణు క్షిపణులు మోసే మన రెండో జలాంతర్గామి. తీరిగ్గా కత్తిరించి దాచుకుందామని ఆ పేజీ మడిచి టీవీ స్టాండు కింది అరలో పెట్టాను. ఆదివారం తెల్లారేసరికి టీవీ స్టాండే కనపడలేదు.

మాది విజయవాడ సింగ్‌నగర్. బుడమేరు వాగు గట్టు తెగి ఇంట్లోకి వచ్చింది. మోకాళ్ళ దాకా వస్తుందేమోనని మంచాల మీదికెక్కించిన సామాన్లు మంచాలతో సహా మునిగాయి. మేం పై పోర్షన్‌లో ఉండే బాబాయిగారింట్లో చేరాం. ఆయన ఆర్టీసీలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. రెండోరోజు సాయంత్రం డాబా పిట్టగోడ మీద మోచేతులానించి, వీధిలో తేలుకుంటూ పోతున్న గ్యాస్ సిలిండరుని చూస్తూ అన్నారు.

"ఏరా అబ్బాయ్, నెలల తరబడి సముద్రం అడుగునుండే పడవ కట్టారని మొన్న తెగ చదివి వినిపించావు. ఈ వాగుకి గట్టు నిలబెట్టలేకపోయారేంట్రా మీవాళ్ళు?"

'మీవాళ్ళు' అన్నమాట గుచ్చుకుంది. అప్పుడు నోరెత్తలేదు. ఇప్పుడు ఇదంతా రాయడం ఆయనకి జవాబు చెప్పుకోవడానికే.

నాకు గవర్నర్‌పేటలో మోటార్ వైండింగ్ షాపుంది. ఆ వరద తర్వాత రెండు నెలల పాటు బురద పట్టిన మోటార్లు షాపు ముందు ఫుట్‌పాత్ దాకా వరస కట్టాయి. జలాంతర్గాముల గురించి చదవడం నాకు పాతికేళ్ళ నాటి పిచ్చి. సబ్‌మెర్సిబుల్ రిపేరు చేసుకునేవాడికి సబ్‌మెరైన్ల గొడవెందుకని మావాళ్ళు ఎగతాళి చేస్తారు. రెండుచోట్లా అసలు పని ఒకటే మరి: చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోందో పట్టుకోవడం.

మోటారు అరుస్తోందని తెస్తారు. వెంటనే విప్పను. కరెంటిచ్చి, పొడుగాటి స్క్రూడ్రైవరు మొన బేరింగు దగ్గర ఆనించి, పిడి చెవికి పెట్టుకుంటాను. బేరింగు అరిగితే గరగర. షాఫ్టు వంగితే ఒక లయలో కొట్టుకుంటుంది. పంపు ఇంపెల్లరు దగ్గర నీళ్ళలో బుడగలు పుట్టి పగులుతుంటే లోపల ఎవరో గులకరాళ్ళు పోసినట్టుంటుంది. జలాంతర్గామిని వేటాడేవాళ్ళు హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినేది ఇవే. ప్రొపెల్లరు వేగం పెంచితే నీళ్ళలో ఆ బుడగలే పుట్టి, ఆ గులకరాళ్ళ చప్పుడే చేస్తాయి. అందుకే గస్తీలో ఉన్న బోటు నడక వేగంతో తిరుగుతుంటుంది. నేవీ వాళ్ళు సబ్‌మెరైన్‌ని బోటు అనే అంటారు. నేనూ అలాగే అంటాను.

వెలుతురైనా, మామూలు రేడియో తరంగమైనా సముద్రంలో కాస్త లోతుకే చచ్చిపోతుంది. చెవి ఒక్కటే దిక్కు. చిన్నప్పుడు కృష్ణలో ఈత నేర్చుకున్నవాళ్ళకి ఇది అనుభవమే. తల ముంచితే ఎక్కడో భవానీ ద్వీపం వైపు పోతున్న మోటారు బోటు చెవిలోనే తిరుగుతున్నట్టు వినపడుతుంది. ఎటువైపో మాత్రం తెలిసి చావదు. నీళ్ళలో శబ్దం సెకనుకి దాదాపు 1500 మీటర్లు పోతుంది, గాలిలో కంటే నాలుగింతల పైమాటే. రెండు చెవులకీ ఇంచుమించు ఒకేసారి తగిలేసరికి మెదడు దిక్కు పోల్చుకోలేదు. ఏప్రిల్ మధ్యాహ్నం అదే నదిలో నిలువునా దిగితే పైన గోరువెచ్చగా ఉండి, పాదాలకి చల్లగా తగులుతుంది. సముద్రంలో ఇలాంటి పొరల హద్దు దగ్గర శబ్దం వంగి పక్కకి పోతుంది. ఆ హద్దు కింద దూరిన బోటుని పైనుంచి వినడం కష్టం.

బంగాళాఖాతంలో ఇంకో తమాషా ఉంది. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, హంసలదీవి దగ్గర మన కృష్ణ, అన్నీ మంచినీళ్ళు తెచ్చి పోస్తుంటే ఉప్పు తక్కువున్న తేలికనీళ్ళు దుప్పటిలా పైన పరుచుకుంటాయి. ఆ పొరల్లో శబ్దం పోకడ లెక్కకట్టడం మామూలు తలనొప్పి కాదు. మా హాల్లోంచి పోయిన బుడమేరు నీళ్ళు కూడా కొల్లేరు, ఉప్పుటేరు మీదుగా ఆ దుప్పట్లోకే చేరి ఉంటాయి. అది తలుచుకుంటే టీవీ తిరిగి రాదనుకోండి.

అణు బోటంటేనే చప్పుడు చేయనిదని చాలామంది రాస్తుంటారు. అది తప్పు. బ్యాటరీ మీద మెల్లగా పోయే డీజిల్ బోటే ఎక్కువ నిశ్శబ్దంగా ఉంటుంది. రియాక్టరుకి చల్లార్చే నీళ్ళు ఆడుతూనే ఉండాలి, పంపులు తిరుగుతుండాలి, టర్బైన్లకి గేర్లు ఉంటాయి. ఆ యంత్రాలన్నిటినీ రబ్బరు దిమ్మల మీద కూర్చోబెట్టి, ఆ అదురు ఒంటికి చేరకుండా చేయడానికే ఇంజినీర్ల జన్మ సరిపోతుంది. అయితే డీజిల్ బోటు బ్యాటరీ ఛార్జింగు కోసం గాలి గొట్టం పైకి పెట్టాలి. పెట్టిన క్షణం దొరికిపోవచ్చు. అణు బోటుకి ఆ అగత్యం లేదు. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషనుకి రోజూ రైళ్ళ కొద్దీ బొగ్గు పోవాలి. ఇది ఒకసారి నింపుకున్న యురేనియంతో ఏళ్ళ తరబడి తిరుగుతుంది. సముద్రపు నీళ్ళే మంచినీళ్ళు చేసుకుంటుంది, ఆ నీళ్ళని కరెంటుతో విడగొట్టి ఆక్సిజన్ తీసుకుంటుంది. తిండి అయిపోతేనో, మనిషి ఓపిక అయిపోతేనో ఇంటిముఖం పడుతుంది.

మన మొదటిది అరిహంత్. 6,000 టన్నులది, 83 మెగావాట్ల రియాక్టరు. 2009 జూలై 26న విశాఖలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ భార్య గురుశరణ్ కౌర్ కొబ్బరికాయ కొట్టి నీళ్ళలోకి దింపారు. రియాక్టరు రాజుకోవడానికి 2013 ఆగస్టు దాకా పట్టింది. 2016లో చప్పుడు లేకుండా నౌకాదళంలో చేరింది. మొదటి గస్తీ ముగించుకొచ్చిందని ప్రధాని 2018 నవంబరులో ప్రకటించారు. దీనికి ముందు 1988 నుంచి 1991 దాకా సోవియట్ల దగ్గర ఒక అణు బోటుని అద్దెకి తెచ్చుకుని, చక్ర అని పేరు పెట్టి, చేయి తిప్పుకోవడం నేర్చుకున్నాం.

అరిఘాత్ చేరినప్పుడు మా వాట్సాప్ గ్రూపులో వచ్చిన వీడియోలన్నిటిదీ ఒకటే పాట. మ్యాపు, దాని మీద ఎర్ర గీత, ఫలానా నగరం మటాష్. నేనూ ఈ బోట్ల పక్షమే గానీ, ఆ వీడియోలు చూస్తే ఒళ్ళు మండుతుంది. మ్యాపు మీద గీత గీసేవాడికి ఈ బోటు ఎందుకు కట్టారో ఓనమాలు తెలియవు.

1998 పోఖ్రాన్ పరీక్షల తర్వాత మనం ఒక మాట చెప్పాం. 2003 జనవరి 4న దాన్ని అధికారికంగా ప్రకటించాం. అణ్వస్త్రం మేం ముందు వాడం, మామీద వాడితే మాత్రం ఊరుకోం అని. ఇది ఏడు చేపల కథలో చీమ మాట. "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?" ఆ చీమ ఊరి మీద పడి పిల్లల్ని కుట్టదు. దాని పాటికి అది పుట్టలో ఉంది. వేలు పెట్టినవాడికే తెలుస్తుంది.

వినడానికి బాగుంది గానీ ఇందులో ఒక మెలిక ఉంది. వేలు కాకుండా గడ్డపారే దిగితే? పుట్టతో పాటు చీమా పోతే ఇక కుట్టేదెవరు? ముందు కొట్టనని మాటిచ్చినవాడు మొదటి దెబ్బ తట్టుకుని బతికుండాలి. విమానాశ్రయాలు ఎక్కడున్నాయో ఉపగ్రహానికి తెలుసు. నేల మీద క్షిపణుల్ని ట్రక్కుల మీద తిప్పొచ్చు, రైళ్ళ మీద దాచొచ్చు, ఎంత దాచినా నేల నేలే. సముద్రం అలా కాదు. 2009 ఫిబ్రవరిలో బ్రిటన్ వాన్‌గార్డ్, ఫ్రాన్స్ ల త్రియోంఫాన్ అట్లాంటిక్ అడుగున ఒకదాన్నొకటి రాసుకున్నాయి. రెండూ అణు క్షిపణులు మోసేవే, రెండూ మిత్రదేశాలవే. అంత మహాసముద్రంలో ఒకటి పక్కకొచ్చిందాకా రెండోదానికి తెలియలేదు. దొంగాట ఆ స్థాయిలో సాగుతుంది.

నా వాదనంతా ఇక్కడే ఉంది. అణుయుద్ధం భయంలో అన్నిటికంటే ప్రమాదం తొందర. అటునుంచి క్షిపణి వస్తోందని రాడారు చెబితే, అది నిజమో అబద్ధమో తేల్చుకోవడానికి మన ఉపఖండంలో ఉండేది నిమిషాలు. ఇప్పుడు వాడకపోతే ఉన్నవన్నీ పోతాయన్న ఆలోచన బుర్రలో దూరిందా, ఎంత నిదానస్తుడైనా మీట నొక్కుతాడు. బోటు ఒకటి సముద్రంలో ఎక్కడో భద్రంగా ఉందని తెలిసినవాడు ఆగగలడు. రెండోసారి కనుక్కోగలడు. నిజంగా పడిందా, పడితే ఎవరు వేశారు, తెల్లారనీ చూద్దాం అనగలడు. బోటు మనకి కొనిపెట్టేది ఆ గడువుని. ఎదుటివాడికీ ఆ గడువే మేలు. మనం కంగారుపడం అన్న నమ్మకం వాడికుంటే వాడూ కంగారుపడడు.

ఈ లెక్కలో చూస్తే క్షిపణి దూరం గురించిన గొప్పలు కూడా తలకిందులవుతాయి. అరిహంత్ మొదట మోసిన కే-15 దాదాపు 750 కిలోమీటర్లు పోతుంది. దానితో ఎవర్నైనా జంకించాలంటే బోటు వాళ్ళ గుమ్మం దాకా పోయి నిలబడాలి, దొరికిపోయే భయంతో. 2024 నవంబరులో అరిఘాత్ నుంచి పరీక్షించిన కే-4 దూరం 3,500 కిలోమీటర్లు. అంటే మనకి అలవాటైన నీళ్ళలో, మన ఓడల కాపలాలో, ఆ తేలికనీళ్ళ దుప్పటి కింద పడుకుని ఉండొచ్చు. దూరం పెరిగిందంటే బోటు ఇంటికి దగ్గరైందని అర్థం. వీడియోవాళ్ళకి ఈ సంగతి చెబితే డీలా పడ్డారు.

ఎన్ని బోట్లుండాలన్న లెక్క బాబాయిగారికి చెప్పేటప్పుడు నేను నోరు తెరవగానే ఆయనే అందుకున్నారు. "ఒక సర్వీసు రోజూ తప్పకుండా నడవాలంటే ఒక్క బండితో అవుద్దా? ఒకటి రోడ్డు మీద, ఒకటి షెడ్డులో విప్పేసి, ఒకటి రేపటికి రెడీగా, ఇంకోటి స్పేరు." సరిగ్గా అంతే. బ్రిటన్ 1969 నుంచి ఎప్పుడూ కనీసం ఒక బోటు సముద్రంలో ఉండేలా చూసుకుంటోంది. దానికి నాలుగు పెట్టుకుంది. ఫ్రాన్సుకీ నాలుగే. అమెరికాకి అణు క్షిపణులు మోసే ఓహయో తరగతివి, అంటే ఒకే నమూనా బోట్లు, 14 ఉన్నాయి, ఒక్కోటి 170 మీటర్ల పొడుగు. మనకి వాటితో పోటీ అనవసరం. చీమకి పులి పంజా ఎందుకు? కానీ రెండు బోట్లున్నంత మాత్రాన సర్వీసు రోజూ నడుస్తోందని చెప్పుకోలేం. మూడోది, నాలుగోది ఎందుకని అడిగేవాళ్ళకి డిపో మెకానిక్ చెప్పిన జవాబే నా జవాబు.

ఇక్కడిదాకా హాయిగా వాదించగలను. ఇక్కణ్ణుంచి కాస్త తడబడతాను.

మన దేశంలో చాలాకాలం అణుశిరస్సులు (క్షిపణి మొనలో పెట్టే అణుబాంబులు) ఒకచోట, క్షిపణులు ఒకచోట, వేరువేరు సంస్థల చేతుల్లో ఉంచారని ఈ రంగాన్ని గమనించేవాళ్ళు చెబుతూ వచ్చారు. బీరువా ఒకరి దగ్గర, తాళంచెవి ఇంకొకరి దగ్గర అన్నట్టు. అది మంచి అలవాటు. బోటులో ఆ అలవాటు సాగదు. గస్తీకి వెళ్ళేది అన్నీ బిగించుకునే వెళ్ళాలి. సముద్రం అడుక్కి ఎవరో వెళ్ళి శిరస్సు అమర్చి రాలేరు కదా. బీరువా, తాళంచెవి, ఇంటిమనుషులు అందరూ ఒకే ఇనప గొట్టంలో ఉంటారు. ఆదేశాలకి సంకేతాలుంటాయి, ఇద్దరు ముగ్గురు కలిస్తే తప్ప కదలని ఏర్పాట్లుంటాయి. అయినా చివరికి అదంతా మనుషుల మీద పెట్టే నమ్మకమే.

పోనీ పైనుంచి ప్రతి నిమిషం మాట్లాడుతూ ఉండొచ్చా అంటే అదీ లేదు. లోపలున్న బోటుకి చేరేవి చాలా తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు మాత్రమే, అవీ పదుల మీటర్ల లోతు దాటి దిగవు. తిరునల్వేలి దగ్గర 1990 నుంచి నౌకాదళానికి అలాంటి కేంద్రం ఉంది. రెండోదానికి 2024 అక్టోబరులో వికారాబాద్ జిల్లా దామగుండం అడవిలో శంకుస్థాపన చేశారు. చెట్లు పోతాయని, మూసీ పుట్టే చోటని అక్కడివాళ్ళు అడ్డుచెప్పారు. వాళ్ళని దేశద్రోహులన్నవాళ్ళని చూశాను. అడవి గురించి అడిగినవాడికి జవాబు చెప్పలేక వాడే మాట అది. ఆ కేంద్రం కావాలనే నేనంటాను, కానీ జవాబు బాకీ ఉన్నామని కూడా అంటాను. సరే, ఆ తరంగాలతో బోటు వింటుంది గానీ బదులు పలకదు. పలికితే ఎక్కడుందో తెలిసిపోతుంది. ఎవడెంత రెచ్చగొట్టినా పైకి రాకూడదు. ధర్మరాజు మాటలకి పౌరుషం పొడుచుకొచ్చి మడుగులోంచి బయటపడ్డ దుర్యోధనుడి గతి మనకి తెలిసిందే.

ఇక గట్టు సంగతి. బోటు డబ్బు గట్టుకి పెడితే మా ఇల్లు మునిగేది కాదని నేననుకోను. గట్టుకి పట్టేది బోటు ఖర్చులో ఏ మూలకీ రాదు. లోటు డబ్బొక్కటే అయితే ఎప్పుడో కట్టేవాళ్ళు. నాకు తోచింది ఇంకోటి. గట్టూ బోటూ ఒక జాతివి. ఏమీ జరగకపోవడమే రెండిటి పని. గట్టు ఇరవయ్యేళ్ళు బాగుంటే దాన్ని ఎవరూ తలుచుకోరు, తలుచుకోలేదు కాబట్టి దాని మీద తుప్పలు మొలుస్తాయి. బోటు విషయంలో మాత్రం ఏమీ జరగని రోజు కోసం జీతాలిచ్చి, లెక్కలు చూసి, షెడ్డులో పెట్టి విప్పి బిగించే పద్ధతి ఒకటి ఏర్పడింది. అదే దేశం, అలాంటి ఇంజినీర్లే. గండి ఎందుకు పడిందని వరద తర్వాత మేం అడగబోతే ఏడు చేపల కథ మళ్ళీ మొదలైంది. చేపా చేపా ఎందుకెండలేదంటే మోపు అడ్డం, మోపా మోపా అంటే ఆవు మెయ్యలేదు. చీమ దాకా వెళ్ళేలోపు మాకు ఓపిక అయిపోయింది. చివరికి గండి పూడ్చడానికి సైన్యం కూడా దిగాల్సొచ్చింది.

ఇదంతా చెబితే బాబాయిగారు పూర్తిగా ఒప్పుకోలేదు. "అయితే ఆ గట్టుకి కూడా ఒక అడ్మిరల్‌ని పెట్టమను" అన్నారు. ఇందులో వెటకారమెంతో, సలహా ఎంతో నాకిప్పటికీ తెలియదు.

సంక్రాంతి వెళ్ళాక ఆయన్ని రత్నాచల్‌లో విశాఖ తీసుకెళ్ళాను. ఆర్కే బీచ్‌లో కుర్సుర చూద్దామని. 1969 చివర్లో నౌకాదళంలో చేరి, 2001లో రిటైరై, ఆ మరుసటేడు మ్యూజియం అయిన డీజిల్ బోటు. 91 మీటర్ల పొడుగు, లోపల మనిషి పక్కకి తిరిగితే గాని ఇంకో మనిషి దాటలేడు. నీళ్ళలో దూసుకుపోయి ఓడల్ని పేల్చే టార్పెడోల సరసనే పడకలు. బాబాయిగారు మూడు డీజిల్ ఇంజన్లని ఒక్కోదాన్నీ అరచేత్తో తట్టి చూశారు. "పాపం, వీటిని విప్పాలంటే స్పానరు తిప్పే చోటు కూడా లేదు" అన్నారు.

కుర్సుర ఫాక్స్‌ట్రాట్ తరగతిది. క్యూబాలో పెట్టిన క్షిపణుల గొడవలో అమెరికా, సోవియట్లు యుద్ధం అంచుకి వెళ్ళిన 1962 అక్టోబరు 27న క్యూబా దగ్గర ఇదే తరగతి సోవియట్ బోటు బీ-59 అమెరికా ఓడల మధ్య చిక్కుకుంది. పైనుంచి హెచ్చరికగా చిన్న బాంబులు వేస్తున్నారు. లోపల బ్యాటరీ అడుగంటింది, వేడి 45 డిగ్రీలు దాటింది, గాలి విషమైపోతోంది. మే నెల విజయవాడలో కరెంటు పోయిన గంటకే మేం ఒకళ్ళ మీద ఒకళ్ళం అరుచుకుంటాం. వాళ్ళకి కిటికీ కూడా లేదు. అందులో ఒక అణు టార్పెడో ఉంది, ఆ సంగతి పైవాళ్ళకి తెలియదు. మాస్కోతో మాట లేదు. తర్వాత్తర్వాత బయటికొచ్చిన సాక్ష్యాల ప్రకారం, పైన యుద్ధం మొదలైపోయిందనుకుని కెప్టెన్ సవిత్‌స్కీ ఆ టార్పెడో సిద్ధం చేయమన్నాడు. దళం అధికారిగా అందులోనే ఉన్న వసీలీ అర్ఖిపోవ్ వద్దన్నాడు. ఒప్పించి బోటుని పైకి తేలేలా చేశాడు. అంతకు ముందేడు కే-19 అనే అణు బోటులో రియాక్టరు ప్రమాదాన్ని కళ్ళారా చూసినవాడు. 1998లో పోయాడు.

అరిహంత్‌లో వేడి అంత ఉండదు, చల్లటి ఏసీ. సంకేతాలు, తాళాలు ఆనాటికంటే ఎన్నోరెట్లు గట్టివి. ఎవరి ఒక్కరి కోపంతోనో జరిగే పని కాదు. ఇవన్నీ ఆ ఇరుకు నడవలో గుసగుసగా బాబాయిగారికి చెప్పాను. ఆయన విన్నారు. తర్వాత మాకు అన్నీ చూపిస్తున్న గైడు వైపు తిరిగారు. నేవీలో చేసి రిటైరైన మనిషి, ఈయన ఈడువాడే.

"ఏవండీ, పైనుంచి కొట్టమని ఆర్డరొచ్చింది, లోపలున్న ఒకడికి మనసొప్పలేదు. వాడికి ఆగే హక్కుంటుందా?"

ఆయన ఒక్క క్షణం బాబాయిగారి మొహంలోకి చూశారు. తర్వాత పక్క గదికి దారి చూపిస్తూ గుండ్రటి తలుపు అంచు మీద చెయ్యి వేశారు.

"ముందు కాలు పెట్టండి, తర్వాత తల వంచండి సార్. జాగ్రత్త, తగుల్తుంది."